కోతి కాటుకు మందుల షాపులో ఏది కొనాలి, ఏది వదిలేయాలి: తిరుపతి వాళ్లకూ, మెట్లదారి భక్తులకూ ఒక సమీక్ష

అలిపిరి నుంచి మెట్లెక్కే వాళ్ల సంచిలో పసుపు కుంకుమ, కర్పూరం, నీళ్ల సీసా, పిల్లలకు బిస్కెట్లు ఉంటాయి. సబ్బు మాత్రం ఉండదు. కోతి కరిచినా, రక్కినా పనికొస్తాయంటూ మందుల షాపుల్లో అమ్మే వస్తువులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి మార్కు ఆ పది రూపాయల సబ్బుకే ఇవ్వాలి. రక్తం వచ్చేట్టు కరిస్తే టీకా, సీరమ్ (గాయంలోకి ఎక్కించే రెడీమేడ్ యాంటీబాడీ) తప్పనిసరే. అయితే అవి ఒక్క రేబిస్ మీదే పనిచేస్తాయి. కోతులు, వానరాలు (గొరిల్లా, చింపాంజీ లాంటి తోకలేనివి) మోసే వైరస్‌లు ఇంకా చాలా ఉన్నాయి. వాటి మీదా పనిచేసే మొదటి వస్తువు సబ్బే.

కారణం వైరస్ పైపొరలో ఉంది. రేబిస్‌కూ, మకాక్ జాతి కోతుల్లో ఉండే హెర్పిస్ బి వైరస్‌కూ, కోతుల్లో, వానరాల్లో ఉండే ఫోమీ వైరస్‌కూ, హెచ్ఐవీకి మూలమైన ఎస్ఐవీకీ, ఎబోలాకూ, ఎంపాక్స్‌కూ పైన కొవ్వు పొర ఉంటుంది. నూనె జిడ్డును సబ్బు ఎట్లా విడదీస్తుందో ఈ పొరనూ అట్లాగే విడదీస్తుంది. పొర పోతే వైరస్ కణంలోకి దూరలేదు. ఖరీదైన యాంటీసెప్టిక్ సబ్బు అక్కర్లేదు. బట్టల సబ్బు ముక్క ఉన్నా చాలు.

కడిగే లెక్క 15 నిమిషాలు, అదీ పారే నీళ్ల కింద. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒక నిమిషం నీళ్లు పోసి తువ్వాలుతో తుడిచేస్తారు. లీటరు సీసాను సన్నధారగా వంచినా నాలుగైదు నిమిషాలకు మించి రాదు. మెట్లదారిలో అయితే దగ్గర్లోని జలప్రసాదం కుళాయి దగ్గరికి నడవడం మేలు. పళ్లు దిగిన గాయం పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల లోతుగా ఉంటుంది. అంచులను మెల్లగా తెరిచి నురగ లోపలికి పోయేట్టు కడగాలి. బ్రష్షుతో, పీచుతో రుద్దకూడదు. అట్లా రుద్దితే ఇంకా కొంత కండ చీరుకుని వైరస్‌కు కొత్త దారి దొరుకుతుంది. కంట్లో ఉమ్మి గానీ మూత్రం గానీ పడితే సబ్బు వద్దు, మంచినీళ్లతోనో సెలైన్‌తోనో 15 నిమిషాలు కడగాలి.

చిన్న డబ్బాల్లో అమ్మే పేపర్ సోప్ సంచిలో బరువుండదు, దొంగిలించడానికి కోతికి ఆశా పుట్టించదు. ఒక్కో ఆకుకు నురగ తక్కువ కాబట్టి 15 నిమిషాల కడుగుకు ఏడెనిమిది ఆకులు లెక్కేసుకోండి. తడి చేత్తో డబ్బా తెరిస్తే మొత్తం అంటుకుపోతుంది. హోటల్ గదుల్లో ఇచ్చే చిన్న సబ్బుబిళ్ల దీనికన్నా నయం. చేతి శానిటైజర్‌కు ఈ పనిలో తక్కువ మార్కులే. గాయం మీద అది మండుతుంది, లోపలున్న ఉమ్మిని బయటికి తేలేదు. ఇక పసుపు, కాఫీపొడి, కారం, సున్నం, ఆకుపసరు ఏవీ పెట్టొద్దు. ఆ పొడి గాయంలో ఇరుక్కుంటుంది. సీరమ్ ఎక్కించేముందు దాన్ని కెలికి తీయాల్సి వస్తుంది. పెద్దవాళ్లు ప్రేమతోనే పెడతారు, ఆ చెయ్యిని మర్యాదగానే ఆపండి.

పోవిడోన్ అయోడిన్ ద్రావణం రెండో వస్తువు. 100 మి.లీ. సీసా ఇంటికి చాలు. కడిగిన తర్వాతే వేయాలి, కడగడానికి బదులుగా కాదు. ఆయింట్‌మెంట్ కన్నా ద్రావణమే మేలు, గాయం లోపలికి దిగుతుంది. వేశాక గట్టిగా కట్టు కట్టొద్దు. కుట్లు వెంటనే వేయించొద్దు. తప్పనిసరైతే ముందు సీరమ్ పడాలి, తర్వాత వదులుగా కుట్టాలి. ధనుర్వాతం సూది, యాంటీబయోటిక్ సంగతి డాక్టరు చూస్తారు. కోతి నోట్లో బ్యాక్టీరియా ఎక్కువ, వేలి గాయాలు తొందరగా చీము పడతాయి.

రేబిస్ టీకాల దగ్గరికి వస్తే షాపు కౌంటర్లో వినపడే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీది మంచిది? అభయ్‌రాబ్ హైదరాబాదులో తయారవుతుంది, సీసాకు 0.5 మి.లీ. రాబివాక్స్-ఎస్ పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌ది, 1 మి.లీ. 1 మి.లీ. ఉన్నది రెట్టింపు బలమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కండకు వేసే ఒక మోతాదులో కనీసం 2.5 ఐ.యు. (మందు బలాన్ని కొలిచే యూనిట్) బలం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం, అది రెంటికీ వర్తిస్తుంది. తేడా కలిపే నీటి పరిమాణంలోనే. కండకు వేస్తే ఏ సీసా అయినా మొత్తం వేయాలి. సగం దాచి ఇంకొకరికి వేయడం తప్పు. కంపెనీల మధ్య మేం మార్కుల తేడా పెట్టలేదు. సీసా చల్లగా వచ్చిందా లేదా అన్నదానికే మార్కులు వేశాం.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల తిరుపతి ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి ఆసుపత్రికి తీసుకుపోతే ఆ సంరక్షణ పోయినట్టే. షాపువాళ్లను ఐస్ ప్యాక్‌తో థర్మాకోల్ డబ్బాలో ఇమ్మనండి. సీసా నేరుగా ఐసుకు ఆనకుండా మధ్యలో ఒక పొర ఉండాలి. కరెంటు పోయే షాపులో ఫ్రిజ్ తలుపుకున్న అర కాకుండా లోపలి అరలో పెట్టారా అని అడగడానికి మొహమాటపడొద్దు. సీసాలో తెల్లటి పొడి బిళ్లలా ఉంటుంది, దాంతో ఇచ్చిన నీటితోనే కలపాలి. కలిపాక తేట ద్రావణం కావాలి, ముక్కలు కనిపిస్తే వాపసు ఇచ్చేయండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు అడిగి తీసుకోండి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసేది చాలావరకు చర్మం లోపలికి వేసే పద్ధతి. రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో. ఇంత తక్కువ మందా అని కొందరు అనుమానపడి బయటికొచ్చి కండకు వేసే కోర్సు కొనుక్కుంటారు. ఆ అనుమానానికి ఆధారం లేదు. చర్మంలో రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి, చిన్న మోతాదుకే అవి మేల్కొంటాయి. చూసుకోవాల్సింది ఒక్కటే: సూది దిగిన చోట శనగగింజంత బుడగ, నారింజ తొక్కలా చుక్కలతో పైకి లేవాలి. లేవకపోతే మందు లోతుకు పోయినట్టు, పక్కనే మళ్లీ వేయమని అడగండి. కండకు వేసే కోర్సు 0, 3, 7, 14, 28 రోజుల్లో 5 మోతాదులు. పెద్దలకు భుజానికి, చిన్నపిల్లలకు తొడ ముందువైపు పక్కకు వేస్తారు. పిరుదుకు వేయకూడదు. అక్కడ కొవ్వు ఎక్కువ, టీకా సరిగా పనిచేయదు. పిల్లలకు తక్కువ మోతాదు అనేది ఏదీ లేదు, గర్భిణులకు వేయడానికి అడ్డూ లేదు.

కొండకు వచ్చే భక్తులకు వేరే చిక్కు ఉంది. మొదటి సూది తిరుపతిలో పడుతుంది, మిగతావి చెన్నైలోనో బెంగళూరులోనో నంద్యాలలోనో పడాలి. అందుకే కాగితం మీద తేదీ, టీకా పేరు, బ్యాచ్, చర్మానికా కండకా అన్నది రాయించుకుని బయల్దేరండి. ఊరు మారి కంపెనీ మారినా కోర్సు మొదటికి రాదు. ఒక తేదీ తప్పినా మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, వీలైనంత తొందరగా తర్వాతి సూది వేయించుకుని ముందుకు పోవడమే.

ఇంకో పెద్ద పొరపాటు, పది రోజులు కోతిని చూద్దామనడం. ఆ పది రోజుల పద్ధతి ఆరోగ్యంగా కనిపించే కుక్కకూ పిల్లికీ మాత్రమే. కోతికి అది వర్తించదు. పైగా గాలిగోపురం దగ్గర ముఫ్ఫై కోతుల గుంపులో మిమ్మల్ని కరిచింది ఏదో ఎవరు గుర్తుపడతారు? మన దేశంలో రేబిస్ చావుల్లో అత్యధికం కుక్కకాటు వల్లే, కోతుల్లో అది అరుదు. అయినా వస్తుంది, వస్తే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే ఎదురుచూడొద్దు.

సీరమ్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా కొనుగోలుదారు ఎక్కువగా మోసపోయేదీ, ఎక్కువగా వదిలేసేదీ దీన్నే. చర్మం చీరి రక్తం వచ్చినా, ఉన్న పుండు మీద నాకినా, కంట్లో నోట్లో ఉమ్మి పడినా అది మూడో తరగతి. రక్తం రాకుండా గీరుకుపోతే రెండో తరగతి, టీకా చాలు. చేత్తో తాకడం, తిండి పెట్టడం, చీలిక లేని చర్మం మీద నాకడం మొదటి తరగతి, టీకా అక్కర్లేదు. మూడో తరగతికి టీకాతో పాటు గాయంలోకి రెడీమేడ్ యాంటీబాడీ పడాలి. టీకాతో మన శరీరం తన యాంటీబాడీ తయారుచేసుకోవడానికి వారం పైనే పడుతుంది. ఆ లోపు వైరస్ నరాన్ని పట్టుకోకుండా కాపలా కాసేది ఈ సీరమే.

మూడు రకాలు దొరుకుతాయి. గుర్రం రక్తం నుంచి తీసినది కిలోకు 40 ఐ.యు., గరిష్ఠం 3000. మనిషి రక్తం నుంచి తీసినది కిలోకు 20, గరిష్ఠం 1500. 60 కిలోల మనిషికి గుర్రం సీరమ్ 2400 ఐ.యు.: మి.లీ.కి 300 ఉన్న సీసా అయితే 8 మి.లీ. మనిషి సీరమ్ 1200 ఐ.యు.: మి.లీ.కి 150 ఉన్నదైతే అదీ 8 మి.లీ.యే. మూడోది మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే రక్తం నుంచి తీయకుండా ల్యాబులో తయారుచేసినది. రాబిషీల్డ్ కిలోకు 3.33 ఐ.యు., అంటే 60 కిలోలకు 200 ఐ.యు. మి.లీ.కి 40 ఉన్న సీసాలు రెండు, మొత్తం 5 మి.లీ. చిన్న చేతికీ ముఖానికీ ఈ తక్కువ పరిమాణం బాగా కలిసొస్తుంది. అందులో ఒకే యాంటీబాడీ ఉంటుంది. ట్విన్‌రాబ్‌లో వైరస్‌ను రెండు వేర్వేరు చోట్ల పట్టుకునే రెండు యాంటీబాడీలు ఉంటాయి, దాని మోతాదు కిలోకు 40. పేర్లు కలిసిపోయి ఒకదాని లెక్క ఇంకోదానికి వేస్తే ప్రమాదం. బరువు కాగితం మీద రాసి, కిలోకు ఎన్ని యూనిట్లో డాక్టరు తావ అడిగి, పక్కనే గుణించి చూసుకోండి.

గుర్రం సీరమ్ అనగానే భయపడి వేలు పోసి మనిషి సీరమ్ కొంటారు. ఇప్పుడొచ్చేది బాగా శుద్ధి చేసిన మందు. రియాక్షన్ రావడం తక్కువే, వచ్చినా అడ్రినలిన్ (తీవ్రమైన రియాక్షన్‌కు వేసే సూదిమందు) సిద్ధంగా ఉన్న చోట అరగంట కూర్చుంటే చూసుకోగలరు. మా తీర్పు ఇది: గాయం చుట్టూ, గాయం లోపలికి పూర్తిగా ఎక్కించిన చౌక సీరమ్, పిరుదుకు వేసిన ఖరీదైన సీరమ్ కన్నా ఎన్నో రెట్లు విలువైనది. రక్తంలో తిరిగే యాంటీబాడీ గాయంలోని నరం దగ్గరికి చాలినంత చేరదు. గాయాలు ఎక్కువై మందు సరిపోకపోతే సెలైన్‌తో పలచన చేసి అన్నిటికీ పంచుతారు. ఏ ఒక్క గాయాన్నీ వదలకూడదు, చెవి వెనకాల ఉన్న రక్కు కూడా. వేలి కొసకు మాత్రం మెల్లగా, కొద్దికొద్దిగా ఎక్కించాలి, లేకపోతే ఒత్తిడికి రక్తప్రసారం ఆగుతుంది. టీకా వేసిన సిరంజితో గానీ, వేసిన చోట గానీ సీరమ్ వేయకూడదు. మొదటి రోజు దొరకలేదా, మొదటి టీకా నుంచి 7 రోజుల వరకు వేయించుకోవచ్చు. ఆ తర్వాత వేయకూడదు, అప్పటికి శరీరం సొంత యాంటీబాడీ మొదలుపెట్టి ఉంటుంది. ఇదివరకే పూర్తి కోర్సు అయినవాళ్లకు సీరమ్ అక్కర్లేదు, 0, 3 రోజుల్లో రెండు టీకాలు చాలు.

ఇంతవరకూ రేబిసే. కోతి కాటును కుక్కకాటుతో సమానంగా చూసి అక్కడే ఆపేయడం మా దృష్టిలో లోపం. మన కొండ మీద ఉన్నవి బానెట్ మకాక్‌లు, నెత్తిన టోపీలా జుట్టున్న పొట్టి కోతులు. మకాక్‌లకు హెర్పిస్ బి వైరస్ సహజమైన చుట్టం. వాటికి మన నోటి పొక్కుల్లాంటి చిన్న జబ్బు, మనిషి మెదడుకు మాత్రం ప్రాణాంతకం. 1932లో ప్రయోగశాల కోతి కరిచిన ఒక డాక్టరు చనిపోవడంతో ఇది బయటపడింది. అప్పటి నుంచి ప్రపంచం మొత్తం మీద నమోదైన మనుషుల కేసులు 50 ప్రాంతంలోనే, దాదాపు అన్నీ ప్రయోగశాలల్లో, కోతులతో పనిచేసేవాళ్లలో. అరుదే. మందు లేకపోతే పదిమందిలో ఏడెనిమిది మంది పోతారు కాబట్టి తలుపు మూసి పెట్టుకోవడం న్యాయం. దీనికి టీకా లేదు, సీరమ్ లేదు. ఉన్నది వాలాసైక్లోవిర్ మాత్ర: ముందుజాగ్రత్త మోతాదు 1 గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, 14 రోజులు. చౌకగా, అన్ని షాపుల్లో దొరుకుతుంది. కానీ దీన్ని కౌంటర్లో అడిగి మింగొద్దు. కిడ్నీ సరిగా లేనివాళ్లకు మోతాదు తగ్గించాలి. తల, మెడ, ముఖం మీద కాటు, లోతైన కాటు, సరిగా కడగని గాయం అయితే డాక్టరుతో ఈ మాట ఎత్తండి. తర్వాత నెల రోజులు గాయం దగ్గర నీటిపొక్కులు, తిమ్మిరి, దురద, జ్వరం, తలనొప్పి కనిపిస్తే మళ్లీ పోవాలి. అప్పుడు కరిచింది కోతి అని గట్టిగా చెప్పాలి. ఆ ఒక్క మాట లేకపోతే వాళ్లు మామూలు జ్వరమని చూస్తారు.

ఫోమీ వైరస్ సంగతి వేరు. బాలి ద్వీపంలోని ఒక కోతుల గుడి దగ్గర ఒక మనిషికి అది సోకినట్టు 2005లో వెల్లడైంది. ఆఫ్రికాలో గొరిల్లాలు కరిచిన వేటగాళ్లలోనూ దొరికింది. ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. ఇప్పటివరకు దానివల్ల జబ్బు చేసినట్టు గానీ, ఒకరి నుంచి ఇంకొకరికి పాకినట్టు గానీ తేలలేదు. అట్లాగని తేలిగ్గా తీసుకోలేం. ఆగ్నేయ కామెరూన్ చింపాంజీల ఎస్ఐవీ వేటగాళ్ల రక్తంలోకి దిగి, సుమారు వందేళ్ల కిందట మనుషుల్లో పాకడం మొదలై, హెచ్ఐవీ-1గా ప్రపంచాన్ని చుట్టింది. పొడవాటి తోక ఉన్న మన కోతికీ, తోకలేని గొరిల్లాకూ చింపాంజీకీ తేడా ఉన్నా, మనకు దగ్గరి బంధువు నుంచి వచ్చే వైరస్‌కు మన శరీరం కొత్త ఇల్లు కాదనే పాఠం రెంటికీ ఒకటే.

చేతి గ్లౌజులను సమీక్షలో చేర్చింది కూడా ఆ అడవుల నుంచి వచ్చిన పాఠంతోనే. 1994లో ఐవరీకోస్ట్‌లోని తాయ్ అడవిలో చచ్చిన చింపాంజీని కోసి పరీక్షించిన పరిశోధకురాలికి ఎబోలా జాతి వైరస్ సోకింది, ఆమె బతికింది. 1996లో గాబన్‌లోని మేయిబూ గ్రామంలో అడవిలో చచ్చిపడి ఉన్న చింపాంజీని కోసి తిన్నవాళ్లకు ఎబోలా వచ్చింది. 2002, 2003ల్లో కాంగోలోని లోస్సీ ప్రాంతంలో సుమారు 5000 గొరిల్లాలు ఎబోలాతో చనిపోయాయని పరిశోధకుల అంచనా. తలకోన అడవిలో ఎబోలా లేదు. అయితే పొరుగున కర్ణాటకలో 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు రాలిపోతుంటే బయటపడిన జ్వరం ఉంది. అది కాటుతో రాదు, చచ్చిన కోతి నుంచి దిగిన పిడుదులు కరిస్తే వస్తుంది. అందుకే చచ్చిన కోతి కనిపిస్తే జాలితో ఎత్తి పాతిపెట్టకుండా దూరంగా నిలబడి అటవీ శాఖకు చెప్పండి. పది రూపాయల గ్లౌజు పిడుదును ఆపదు, చేయి పైకి పాకుతుంది. కాబట్టి గ్లౌజులకు ఇంట్లో గాయం కడిగే మనిషి వరకే మార్కులు.

మాస్క్ చవక, దాని వాడకం ఎవరికీ తట్టదు. కోవిడ్ వైరస్ 2021 జనవరిలో శాన్ డియేగో సఫారీ పార్కు గొరిల్లాలకు సోకింది. తాయ్ అడవిలో చింపాంజీలను చంపిన దగ్గు జబ్బుల వైరస్‌లు మనుషులవే. గొరిల్లాలను చూడ్డానికి పోయేవాళ్లు మాస్క్ వేసుకుని 10 మీటర్ల దూరంలో ఉండాలని నిపుణులు చెప్పేది అందుకే. జలుబుతో మెట్లెక్కే వాళ్లు కొరికి వదిలిన మామిడి ముక్క, మొక్కజొన్న కంకి కోతి చేతికి ఇస్తే వైరస్ అటువైపు నడుస్తుంది.

కోతి కాటులో పెద్ద వాటా తిండి అందించే చేతి దగ్గరే పుడుతుంది. లడ్డూ కవరు బయటికి కనిపించకుండా జిప్ ఉన్న సంచిలో పెట్టండి. కోతి లాగితే సంచి వదిలేయండి, గుంజులాటలోనే పళ్లు దిగుతాయి. కళ్లలోకి చూడొద్దు, పళ్లు చూపించి నవ్వొద్దు, దానికి అది బెదిరింపు. పిల్లను దగ్గర పెట్టుకున్న ఆడకోతికీ, పెద్ద మగకోతికీ పది అడుగులు వదిలి నడవండి.

మెట్లదారి అంగళ్లవాళ్లు, గుడి పనివాళ్లు, అటవీ సిబ్బంది లాంటి వాళ్లు కాటు కోసం ఎదురుచూడకుండా ముందే మూడు మోతాదులు వేయించుకోవచ్చు: 0, 7, 21 లేదా 28 రోజుల్లో. దానికి పెట్టే డబ్బు మా లెక్కలో సబ్బు తర్వాత అన్నిటికన్నా మంచి కొనుగోలు. కాటు పడిన రోజున సీరమ్ కోసం ఊరంతా తిరిగే అవసరం తప్పుతుంది, రెండు సూదులతో పని అయిపోతుంది.